ఫోన్ బాక్సుకు ఆయుధపూజ

పులులు లేని కన్జర్వేషన్

మా ఉద్యోగానికి తెలుగులో సరైన పేరు లేదు. కన్జర్వేషన్ ఆఫీసర్ అంటే హన్మకొండలో మా అమ్మ అడవులనుకుంది, పులులుంటాయా అని అడిగింది. పులులు లేవమ్మా, పాత కట్టడాలుంటాయి, వాటిని ఎవరూ ఇష్టమొచ్చినట్టు మార్చకుండా చూడటం నా పని అన్నాను. "అంటే ఇంగ్లండోళ్ళ ఇండ్లకు నువ్వు కావలి" అని తేల్చేసింది. అంతకన్నా మంచి నిర్వచనం మా శాఖలో ఎవరూ నాకు చెప్పలేదు.

హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదువుకున్నాను. మా ఆయనకు స్టీవెనేజ్‌లో ఇంజినీరు ఉద్యోగం దొరకడంతో ఇక్కడికి వచ్చి, ఒక కౌన్సిల్లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీ లాంటి దాంట్లో, చేరి, అక్కడే రిటైరయ్యాను. ఈమధ్య మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలు కొందరు ఈ పనిలో చేరతామంటూ, ఎలా ఉంటుందాంటీ అని అడుగుతున్నారు. జీతాలూ ప్రమోషన్లూ వెబ్‌సైట్లో ఉంటాయి. అక్కడ దొరకని సంగతులు రాద్దామని కూర్చున్నాను. ముందే చెబుతున్నాను, నాకు ఈ ఉద్యోగం బాగా నచ్చింది. కష్టాల కథ కావాలనుకునేవాళ్ళు ఇంకెవరినైనా అడగండి.

మొదట ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఈ దేశంలో విలువైన పాత కట్టడాలను ప్రభుత్వం ఒక జాబితాలో చేరుస్తుంది. లిస్టెడ్ అంటారు. చేరాక అనుమతి లేకుండా వాటి రూపం మార్చినా, కావాలని పాడుచేసినా నేరం, విషయం కోర్టుదాకా వెళ్ళొచ్చు. చర్చిలూ కోటలే కాదు, ఊరి మధ్య ఎర్రగా నిలబడే టెలిఫోన్ బాక్సులు కూడా చాలా ఈ జాబితాలో ఉన్నాయి. లోపల ఫోను లేకపోయినా సరే.

గ్రాహమ్ టార్చి

నా మొదటి బాస్ పేరు గ్రాహమ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్నొక పాత ధాన్యపు కొట్టం దగ్గరికి తీసుకెళ్ళాడు. కారు దిగీ దిగగానే నేను కెమెరా తీశాను. ఆయన నవ్వుతూనే దాన్ని నా చేతిలోంచి లాక్కుని, కోటు జేబులో వేసుకున్నాడు. ముందు చూడు, ఫోటో ఎక్కడికీ పోదు అన్నాడు. చలికి కాళ్ళు కొంకర్లు పోయేదాకా ఆ కొట్టం ముందు నిలబెట్టాడు. మనసులో ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

తర్వాత నా చేతికి చిన్న టార్చి ఇచ్చాడు. వెలుతురును గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకు ఆనించినట్టు వేయమన్నాడు. అలా వేస్తే నున్నగా ఉందనుకున్న గోడ మీద ప్రతి ఉబ్బూ, ప్రతి గీతా లేచి కనబడ్డాయి. ఎక్కడ పాతది, ఎక్కడ అతుకు వేశారు, ఎక్కడ ఎవరో గీకారు, అంతా బయటపడింది. ఆ టార్చి తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నాడు. రిటైరయ్యాక కూడా అది నా సంచిలోనే ఉంది. బాటరీలు తప్ప ఏమీ మార్చలేదు.

గ్రాహమ్‌లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. ఎదుటివాళ్ళను మాట పూర్తిచేయనిచ్చేవాడు కాదు. ఇళ్ళ విషయంలో ఉన్న ఓపిక మనుషుల విషయంలో ఉండేది కాదు. ఆయన దగ్గర కట్టడాలను చూడటం నేర్చుకున్నాను. మనుషులను చూడటం వేరేచోట నేర్చుకోవలసి వచ్చింది.

పాడుచేసేవాళ్ళు ఎవరు

పాత కట్టడాలను దుర్మార్గులు పాడుచేస్తారని మీరు అనుకుంటూ ఉంటారు. నేనూ అనుకున్నాను. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసినవాళ్ళు వాటిని ప్రేమించినవాళ్ళే.

ఒకాయనకు తాతలనాటి ఇల్లు ఉండేది. చెక్క చట్రం, సున్నపు గోడలు. ఇల్లంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణం కొద్దీ గోడలు గట్టిగా ఉండాలని బయటంతా సిమెంటు పూయించాడు. సున్నం చెమ్మను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపలి చెక్కంతా మెత్తబడి, వేలు పెడితే దిగిపోయే స్థితికి వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయన గడపలో కూర్చుని ఏడుస్తున్నాడు. అలాంటి మనిషిని నేరస్థుడని ఎలా అంటాం? చివరికి నోటీసు ఇచ్చాను, సరైన మేస్త్రీని వెతకడంలో సాయమూ చేశాను. రెండూ మన పనే. ఒకటి చేసి రెండోది వదిలేసేవాళ్ళు ఈ ఉద్యోగానికి పనికిరారని నా నిశ్చితాభిప్రాయం.

ఈ పాఠం నాకు బాగా ఒంటబట్టిందనుకున్నాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో ఒక ఫోన్ బాక్సు వచ్చి నన్ను మళ్ళీ పరీక్షించింది.

ఫోటోలో పసుపు

అది అక్టోబరు. మా పరిధిలోని ఒక పల్లె నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. లిస్టెడ్ టెలిఫోన్ బాక్సును ఎవరో ధ్వంసం చేశారని పారిష్ కౌన్సిల్ క్లర్కు, అంటే ఆ ఊరి పంచాయతీ గుమాస్తా అనుకోండి, ఫోటోలు పంపింది.

ఫోను ఎప్పుడో తీసేశారు. గుండె ఆగినవాళ్ళకు షాక్ ఇచ్చి బతికించే యంత్రం ఒకటి అందులో పెట్టుకున్నారు. ఇక్కడి పల్లెల్లో ఇది మామూలే. ఇప్పుడా బాక్సు కింది అంచుకు పసుపు ముద్దలా పూసి ఉంది. దాని మీద ఎర్ర చుక్కలు. పక్కన ఏదో పెంకులు, తలుపు పిడికి పూలు.

ఆఫీసులో అందరూ నా కంప్యూటరు చుట్టూ మూగారు. ఎవరో తాగి వచ్చి టేక్‌అవే కర్రీ విసిరారని ఒకరు తేల్చారు. ఎర్ర చుక్కలు రక్తమేమో, పోలీసులకు చెబుదామని ఇంకొకరు కంగారుపడ్డారు. నేను మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నవ్వు ఆగడం లేదు మరి. కొట్టిన కొబ్బరికాయ, చామంతి దండ, గడపకు పెట్టినట్టు వరసగా పెట్టిన కుంకుమ బొట్లు. అంత ఓపికగా ధ్వంసం చేసేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. ముందురోజే దసరా.

నవ్వు ఆగాక భయం వేసింది. ఎవరో మనవాళ్ళు, తెలియకుండా, ఈ దేశపు చట్టం కింద నేరమయ్యే పని చేశారు. ఆ ఫైలు నా బల్ల మీద ఉంది.

అప్పటి నా బాస్ హెలెన్. నేను నేరుగా ఆమె గదిలోకి వెళ్ళి, ఇది మా పండుగ పూజ, చేసినవాళ్ళు మా ప్రాంతంవాళ్ళే అయ్యుంటారు, ఈ ఫైలు నేను చూడటం సబబేనా అని అడిగాను. వాళ్ళు నీకు తెలుసా అంది. తెలియదన్నాను. ఆ పసుపు పదార్థం ఏమిటో తెలుసా అంది. తెలుసన్నాను.

"అయితే నిన్ను కాక ఎవరిని పంపాలి? నాకు చెప్పింది ఫైలు మొదట్లోనే రాసిపెట్టు" అంది హెలెన్.

మనవాళ్ళ విషయమని దాచుకుంటే అనుమానం, తప్పుకుంటే పిరికితనం. ముందే బయటపెట్టి పని చేసుకోవడం ఒక్కటే దారి. పరాయి దేశంలో ఉద్యోగం చేసే మీకందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది, గుర్తుపెట్టుకోండి.

"నేనిప్పుడు ఆంటీని కాదు"

నేను వెళ్ళేసరికి బాక్సు దగ్గర ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని స్టీలు పీచుతో తలుపు కింది భాగాన్ని రుద్దుతున్నాడు. పక్కన థిన్నర్ డబ్బా. ఆయన కీత్. ఒకప్పుడు బస్సులకు రంగులు వేసి, పేర్లు రాసినవాడు. రిటైరయ్యాక ఈ బాక్సు బాగోగులు తన నెత్తిన వేసుకుని ఏళ్ళ తరబడి తనే రంగు వేశాడు. ఈ మధ్య చేతులు వణకడం మొదలై, ఆ వేసవిలో చివరిసారి రంగు వేసి, తాళం చెవి ఊళ్ళో అద్దెకుంటున్న నవీన్ అనే కుర్రాడికి అప్పగించాడు. నవీన్ తనంతట తనే చూసుకుంటానని ముందుకొచ్చాడట. ఇదంతా చెబుతూ కూడా ఆయన రుద్దడం ఆపలేదు.

దయచేసి ఆపండి అన్నాను. టార్చి తీసి పక్కనుంచి వెలుతురు వేశాను. పసుపు ఉన్నచోట కింది పెయింటు అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. కీత్ రుద్దినచోట మెరుపు పోయి, ముతకగా గీకుళ్ళు పడి, లోపలి పూత బయటపడింది. ఆయన కూడా వంగి చూశాడు. చూసి పీచు పక్కన పెట్టేశాడు. ఆ బాక్సుకు నిజంగా జరిగిన నష్టం ఆయన చేసిందే. అది ఆయనకూ అర్థమైంది.

అంతలో నవీన్ వచ్చాడు. ముప్పై లోపు కుర్రాడు, మాస్టర్స్ చేసి ఏదో ఆఫీసులో ఉద్యోగం. ముఖం పీక్కుపోయి ఉంది. నేను తెలుగులో పలకరించగానే పట్టరాని ఆశతో దగ్గరికొచ్చాడు.

"ఆంటీ, దీనికి కేసైతదా? వచ్చే నెల ఐఎల్ఆర్‌కు అప్లై చెయ్యాలె మేము."

ఐఎల్ఆర్ అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే అనుమతి. దానికోసం అతనూ అతని భార్యా ఏళ్ళ తరబడి ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికారు. పార్కింగ్ టికెట్ వస్తే కూడా నిద్రపట్టని బతుకు అది, మాకూ ఒకప్పుడు అదే. పేరు మీద ఒక క్రిమినల్ కేసు పడితే ఆ అనుమతి రాకపోవచ్చు, పెట్టేబేడా సర్దుకోవలసి రావచ్చు. అక్కడికక్కడే భుజం తట్టి, ఏం కాదులే నాయనా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది.

"బాబూ, నేనిప్పుడు ఆంటీని కాదు, కౌన్సిల్ మనిషిని. జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాను.

వెంటనే మేడం అనడం మొదలుపెట్టాడు. ఆ పూజ తనే చేశానన్నాడు. పారిష్ క్లర్కుకు కూడా అదే చెప్పానన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ బొట్ల వరస చూస్తే అది అలవాటైన చెయ్యి, అతను జన్మలో గడపకు పసుపు రాసి ఉండడు.

అప్పుడే వీధి అవతలి ఇంట్లోంచి ఒకావిడ శాలువా కప్పుకుని వచ్చింది. నవీన్ అత్తగారు, అండాలమ్మ. సిద్దిపేట నుంచి కూతురిని చూడటానికి వచ్చింది. ఇంతమంది ఎందుకు చేరారో ఆమెకు తెలియదు. అల్లుడు చెప్పలేదు. పూజ ఎవరు చేశారమ్మా అని అడిగితే, తనే చేశానని సంతోషంగా చెప్పింది. నవీన్ అడ్డొచ్చి, కాదు, నేనే అన్నాడు.

ఆమె అతని వైపు వింతగా చూసింది. "నువ్వు ఆఫీసుకు పోతివి గద బిడ్డా."

కుర్రాడు తల దించుకున్నాడు. విజిట్ వీసా మీద వచ్చిన పెద్దావిడను ఇందులోకి లాగకూడదని నేరం తన మీద వేసుకున్నాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది, కోపమూ వచ్చింది. చెరిగిపోయే పసుపుకు కేసు పడుతుందో లేదో కానీ, అధికారులకు అబద్ధం చెప్పాడన్న మాట అంటుకుంటే చెరగదు. అదే రోజు క్లర్కుకు నిజం రాసి పంపమన్నాను. రాశాడు.

తర్వాత అండాలమ్మను, ఈ డబ్బాకు పూజ ఎందుకు చేశారని అడిగాను. కారుకూ మిక్సీకీ అల్లుడి లాప్‌టాప్‌కూ ఇంట్లోనే చేసిందట.

"మనిషి పానం నిలవెట్టే మిషిన్ దీంట్ల ఉన్నదని అల్లుడే చెప్పిండు. మిక్సీకి బొట్టు వెట్టి దీనికి వెట్టకుంటె ఎట్ల మేడం?"

ఆమె మాట కీత్‌కు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కరిగిపోయాడని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. అంతా బాగానే ఉంది, కానీ చేసేముందు ఎవరినైనా అడిగిందా అన్నాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. ఆమెకు చెప్పాను. అడగాలని తనకు తెలియదని, ఇకమీదట అడుగుతానని ఆమె బదులిచ్చింది. కీత్ డబ్బా, పీచు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

కిటికీలో రేకు ముక్క

పారిష్ వాళ్ళు వెంటనే బాక్సంతా గీకి కొత్త రంగు వేయిద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆ బాక్సు పోత ఇనుముది. గీకినప్పుడల్లా పైన పోతపోసిన రాజ కిరీటాల అంచులు, తలుపు పట్టీల అంచులు కొంచెం కొంచెం అరిగిపోతాయి. అవి తిరిగి రావు.

మరి పసుపు సంగతి? చీర మీద పసుపు పడితే మన ఇళ్ళలో ఏం చేస్తారు, ఉతికి ఎండలో ఆరేస్తారు. ఎండకు పసుపు నిలవదు. ఇది నాకు తెలుసు, కానీ మా అమ్మ చెప్పిందని రిపోర్టులో రాయలేం కదా. ఎర్ర పెయింటు వేసిన రేకు ముక్క మీద పసుపు తడిపి పూసి, సగం అట్టముక్కతో మూసి, ఆఫీసు కిటికీలో పెట్టాను. మన ఎండైతే చిటికెలో పని. ఇక్కడి శరదృతువు ఎండ సంగతి మీకు తెలిసిందే, ఆ రేకు ముక్క కిటికీలో అలా కూర్చునే ఉంది. హెలెన్ రోజూ వచ్చి చూసి, నీ ప్రయోగం ఎంతవరకొచ్చింది అని ఆటపట్టించేది. చివరికి అట్ట తీసి చూస్తే, మూసిన సగం పచ్చగా ఉంది, ఎండ తగిలిన సగం దాదాపు పోయింది.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. మెత్తటి తడిగుడ్డతో తుడిస్తే చాలు, మిగిలిన మరక ఎండకు పోతుంది, కావాలని పాడుచేసిందేమీ లేదు, కేసుకు ఆధారం లేదు. గీకుడు పడినచోట మాత్రం చిన్న అతుకు వేయాలి, పాత పూత ఎలా వేశారో తెలిసిన మనిషి దగ్గరుండి వేయించాలి. హెలెన్ చదివి, రేకు ముక్క చూసి, సంతకం పెట్టింది.

ఏమీ చేయకుండా ఆగడం కూడా ఒక నిర్ణయమే. దానికి కారణం చూపించడం మిగతా నిర్ణయాలకన్నా కష్టం, ఎందుకంటే చేతులు ముడుచుకుని కూర్చున్నామని అందరూ అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఊళ్ళో స్నేహాలు కుదర్చడం మన పని కాదు, నేను ఆ ప్రయత్నం చేయలేదు. కానీ అతుకు వేయాలంటే కీత్ చేతులు నిలవవు, నవీన్‌కు పని రాదు. తప్పనిసరై కీత్ అతన్ని పిలిచాడు. పెయింటు ఎంత పలచన చేయాలి, కుంచె ఎటునుంచి ఎటు లాగాలి, ఎక్కడ ఎత్తేయాలి అని పక్కన కుర్చీ వేసుకుని చెప్పాడట. నవీన్ వేసింది నచ్చక తుడిపించి మళ్ళీ వేయించాడట. తనిఖీకి వెళ్ళి టార్చి వేసి చూశాను, అతుకు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

నవీన్ దంపతులకు అనుమతి వచ్చింది. ఆ కబురు ఫోనులో చెప్పి, ఇప్పుడు ఆంటీ అనొచ్చా మేడం అని అడిగాడు.

మళ్ళీ దసరా

మరుసటి దసరా నాటికి నేను రిటైరయ్యాను. అండాలమ్మ మళ్ళీ వచ్చింది, నన్ను భోజనానికి రమ్మని కబురు పెట్టించింది. వెళ్ళేసరికి హాల్లో బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, కారు తాళం, లాప్‌టాప్, డ్రిల్లు మిషను, కూరలు కోసే కత్తి పెట్టి ఉన్నాయి. మధ్యలో ఫోన్ బాక్సు తాళం చెవి. బాక్సు దగ్గరికి వెళ్ళకుండా తాళం చెవికే పూజ చేద్దామని ఆమె తనంతట తనే అనుకుందట. నా ఉద్యోగమంతా వెతికినా ఇంత చక్కని రాజీ దొరకదు.

కీత్ కూడా వచ్చాడు. సోఫా అంచున కూర్చుని, చంకలోని గుడ్డ చుట్టను కాసేపు అలాగే పట్టుకుని, చివరికి విప్పాడు. బస్సుల మీద పేర్లు రాసిన కుంచెలు, సన్నవీ లావువీ, పిడులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఎవరివైపూ చూడకుండా, అండాలమ్మనొక మాట అడగమని నాతో అన్నాడు.

"ఇవి ఇక పనిచేయవు. నా చెయ్యి కూడా పనిచేయదు. పనిచేయని వాటికి కూడా ఈ పూజ ఉంటుందా, కనుక్కో."

నేను తెలుగులో చెప్పాను. అండాలమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"ఇన్నేండ్లు చేసినయి గద. చేసినదానికే గదక్కా బొట్టు."

పాత వస్తువులను ఎందుకు కాపాడాలని అడిగినవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ నేను పేజీలకు పేజీలు రాశాను. ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. అదే ముక్క కీత్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల ఊపి, కుంచెలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు. చెయ్యి వణుకుతున్నా వరస తప్పలేదు.

అండాలమ్మ పసుపు గిన్నెలో వేలు ముంచి, కుంచె మీదికి వంగబోయి, ఆగింది. పోయినసారి సంగతి గుర్తొచ్చింది కాబోలు. పెట్టొచ్చా అని అడగమంది. పిడికి పెట్టొచ్చు, కుచ్చుకు తగలనివ్వొద్దు అన్నాడు కీత్. అలాగే పెట్టింది, అన్నిటికీ, ఏ ఒక్కటీ వదలకుండా.

అయ్యాక నావైపు తిరిగి, నీ పనిముట్లేవి అక్కా అని అడిగింది. నేను ఆఫీసు ఉద్యోగిని, నాకు పనిముట్లేముంటాయని అనబోయాను. ఆమె ఏమడిగిందని కీత్ అంటే చెప్పాను, ఆయన నా సంచివైపు చూపించాడు. నేను గ్రాహమ్ టార్చి తీసి, ఆయన కుంచెల పక్కన పెట్టాను.